బుట్టబొమ్మ లోపల మనిషి

ధహ్రాన్‌లో గురువారం సాయంత్రమంటే ఇండియాలో శుక్రవారం సాయంత్రం లాంటిది. రెండు రోజుల సెలవు ముందుంటుంది. అల్ ఖోబర్ కార్నిష్‌కి షికారు వెళ్ళేవాళ్ళు కొందరు, ఇత్రాలో ఏ కార్యక్రమం ఉందో వెతికేవాళ్ళు కొందరు. నేను మాత్రం ఆ గురువారం ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, మళ్ళీ ల్యాప్‌టాప్ ముందేసుకున్నాను. ఆఫీసు పని కాదు. తెనాలిలో ఉన్న మా అక్క కూతురికి సంబంధాలు చూసే పని.

ఆ బాధ్యత నా మీద పడి అప్పటికి ఎనిమిది నెలలు. మేనమామను కదా, పైగా సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. అందుకని ఎక్సెల్‌లో ఓ షీటు తయారుచేశాను. అబ్బాయి ఊరు, చదువు, ఉద్యోగం, జీతం, వీసా, ఎత్తు, గోత్రం, నక్షత్రం, కట్నం మాట, వాళ్ళ అభ్యంతరం, మన జవాబు. మొత్తం పదకొండు వరుసలు. ప్రాజెక్టు నడిపినట్టే నడుపుతున్నానని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

అంతలో అక్క ఫోన్. "ఒరేయ్, మొన్న చూసి వెళ్ళినవాళ్ళు కబురు చేశారు. పిల్ల బాగానే ఉంది గానీ ఫొటోలో కన్నా రంగు తక్కువ అన్నార్రా. అసలు ఆ ఫొటోయే అంత బాలేదు. నీకు కంప్యూటర్ వచ్చుగా, కాస్త తేటగా వచ్చేట్టు చేసి పంపకూడదూ" అంది. గొంతులో ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

కాదనలేకపోయాను. ఫొటో తెరిచి వెలుగు పెంచాను. చర్మం నున్నగా చేసే మీట ఒకటి ఉంటే అదీ జరిపాను. ముక్కు పక్కన చిన్న మచ్చ, చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద నుంచి పడితే అయినది. దాన్నీ చెరిపేశాను. పది నిమిషాల పని.

మంచినీళ్ళకని వచ్చిన మా అమ్మాయి నా వెనక నిలబడి తెర వైపు చూసింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. "ఎవరు నాన్నా ఈ అక్క?" అని అడిగింది.

ప్రతి వేసవి సెలవుల్లోనూ నెల రోజులు ఒకే మంచం మీద పడుకునే సొంత మేనత్త కూతురిని అది గుర్తుపట్టలేదు.

చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తెచ్చి, "నీకో పాట వినిపిస్తాను. పేరు చూసి మాత్రం తిట్టకు" అంది.

తిట్టు పేరుతో ఓ పాట

పేరు చూసి తిట్టేవాడినే. ఇంట్లో పలకకూడదని మనం పిల్లలకు చెప్పే ఇంగ్లీషు మాట ఆ పేరులోనే ఉంది. 'బిల్డ్ ఎ బిచ్'. పాడింది బెల్లా పోర్చ్. 2021 మే 14న వచ్చింది. రెండు నిమిషాల పైచిలుకు పాట. అమెరికాలో పాటల జనాదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 58వ స్థానం దాకా వెళ్ళింది. ఓ కొత్త గాయని మొట్టమొదటి పాటకు అది చిన్న సంగతి కాదు.

పేరు వెనక ఓ చమత్కారం ఉంది. అమెరికాలో 'బిల్డ్ ఎ బేర్' అని బొమ్మల దుకాణాలున్నాయి. పిల్లలు లోపలికి వెళ్ళి ఎలుగుబంటి తోలు ఎంచుకుంటారు, దూది నింపిస్తారు, లోపల చిన్న గుండె పెట్టిస్తారు, బట్టలు తొడుగుతారు. తమకు నచ్చినట్టు బొమ్మను కట్టించుకుని ఇంటికి తెచ్చుకుంటారు. మొదటి దుకాణం 1997లో సెయింట్ లూయీలో తెరిచారు. బెల్లా పుట్టిందీ ఆ ఏడాదే. ఆ దుకాణం పేరులో ఎలుగుబంటి బదులు ఆడవాళ్ళను తిట్టే మాట పెడితే ఈ పాట పేరు వస్తుంది. ఆడపిల్ల అంటే కళ్ళు ఇలా, నడుము అలా అని ఏరుకుని కట్టించుకునే బొమ్మ కాదు అన్నది పాట సారాంశం.

వీడియోలో అదే కథ. ఓ కార్ఖానాలో ఆడపిల్లలను విడిభాగాలుగా తయారుచేస్తుంటారు. కొనేవాళ్ళు వచ్చి తమకు కావలసినట్టు ఎంచుకుంటుంటారు. చివరికి ఆ బొమ్మలే తిరగబడి కార్ఖానాను ధ్వంసం చేస్తాయి. వాల్కిరే, బ్రెట్‌మన్ రాక్ వంటి ఇంటర్నెట్ ప్రముఖులు కూడా అందులో కనిపిస్తారు.

ఇలాంటి వాటిని డార్క్ పాప్ అంటారని మా అమ్మాయి చెప్పింది. పాప్ పాటకుండే తేలిక బాణీ, వెంటనే నోటికొచ్చే పల్లవి ఉంటాయి. కానీ అడుగున దిగులో, భయమో, కోపమో, వెటకారమో నడుస్తుంటుంది. మెలనీ మార్టినెజ్ 'డాల్‌హౌస్' (2014), బిల్లీ ఐలిష్ 'బ్యాడ్ గై' (2019) విన్నవాళ్ళకు ఆ రుచి తెలుస్తుంది. బెల్లా పాట తయారీలో పాలుపంచుకున్న సబ్ అర్బన్ కూడా ఆ బాపతువాడే. 2019లో అతని పాట 'క్రేడిల్స్' ఫోన్లలో మారుమోగింది. క్రేడిల్స్ అంటే ఉయ్యాలలు.

నాకైతే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. జోల పాడుతూనే మధ్యలో బూచాడొస్తాడని భయపెట్టేది. అంత మెత్తని గొంతులో అంత భయం ఎలా ఇమిడేదో! ఈ పాటలోనూ బాణీ పిల్లలు ఆడుకునే బొమ్మలోంచి వచ్చినట్టుంటుంది, గొంతు లాలనగా ఉంటుంది. మాటలు మాత్రం గుచ్చుకుంటాయి.

గొంతు లేని ముఖం, ముఖం లేని గొంతు

బెల్లా ఫిలిప్పీన్స్‌లో పుట్టింది. దత్తత వెళ్ళింది. పదమూడేళ్ళ వయసులో అమెరికా చేరింది. అక్కడి నౌకాదళంలో చేరి జపాన్‌లో, హవాయిలో పనిచేసింది. చిన్నతనంలో ఇంట్లో హింస అనుభవించానని తర్వాత తనే చెప్పుకుంది.

2020 ఆగస్టులో టిక్‌టాక్‌లో ఆమె పెట్టిన ఓ చిన్న వీడియో ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండ్ అమ్మాయి మిల్లీ బి పాడిన 'ఎం టు ద బి' అనే పాటకు పెదవులు కదుపుతూ, తాళానికి తల ఊపుతూ, కళ్ళు తిప్పింది. అంతే. ఆరు కోట్లకు పైగా లైకులు వచ్చాయి. అత్యధిక లైకులు తెచ్చుకున్న టిక్‌టాక్ వీడియోగా చాలాకాలం నిలిచింది. ఆ కీర్తితో పాటే అలజడీ వచ్చింది. ఆమె చేతి మీది పచ్చబొట్టు జపాన్ పాత యుద్ధ పతాకంలా ఉందని నెల తిరక్కుండానే కొరియా వాళ్ళు మండిపడ్డారు. ఆమె క్షమాపణ చెప్పి దాన్ని కప్పేయించుకుంది.

ఆ వీడియోలో ఆమె గొంతు లేదు. కోట్లమంది చూసింది ముఖాన్నే. బొమ్మలా ఉంది, బొమ్మలా ఉంది అని మెచ్చుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత ఆ బొమ్మ నోరు తెరిచి సొంత గొంతుతో పాడిన మొదటి పాటే, నేను మీరు కట్టించుకున్న బొమ్మను కాను అనడం. ఆ వరస తెలిశాక పాట నాకు ఇంకోలా వినిపించింది. 2022లో వచ్చిన ఆమె పాటల సంపుటి పేరు కూడా 'డాల్స్', అంటే బొమ్మలే.

ఇక్కడ ఆస్పత్రుల్లో నర్సులుగా, దుకాణాల్లో, హోటళ్ళలో ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎంతమంది ఉన్నారో ఈ ప్రాంతంలో ఉండే తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. తమ దేశంవాళ్ళు ఎదురైతే 'కబాయన్' అని నోరారా పిలుచుకుంటారు. మా అమ్మాయికి ఈ పాట మొదట వినిపించింది కూడా పక్కింటి ఫిలిప్పీన్స్ అమ్మాయే. వాళ్ళింట్లో బెల్లా పేరు సొంత చుట్టాన్ని తలుచుకున్నట్టు తలుచుకుంటారట.

మనకూ ఫోన్ నుంచి స్టూడియోకి వెళ్ళిన గాయని ఉంది. తూర్పు గోదావరి వడిసలేరుకు చెందిన పసల బేబి. 2018లో ఆమె 'ప్రేమికుడు' సినిమాలోని 'ఓ చెలియా' పాట పాడుతుంటే ఎవరో ఫోన్‌లో తీశారు. అది ఊళ్ళు దాటి ఏఆర్ రెహమాన్ దాకా చేరింది. రఘు కుంచె ఆమె చేత పాట పాడించారు. చిరంజీవి ఇంటికి పిలిచి సత్కరించారు. కూలి పనులు చేసుకునే పల్లెటూరి గృహిణి ఆమె. రంగెంత, వయసెంత అని ఎవరూ అడగలేదు. ముందు గొంతు విన్నారు, తర్వాతే ముఖం చూశారు. బెల్లాది సరిగ్గా తిరగేసిన దారి. ఆడపిల్లల్లో బేబి దారి దొరికేవాళ్ళు తక్కువ. ఎక్కువమందికి ముందు ఫొటో, తర్వాతే మాట.

బొమ్మ అని మెచ్చుకోవడం

మన భాషలో ఆడపిల్లను మెచ్చుకోవాలంటే మొదట నోటికొచ్చే మాట బొమ్మే. బాపు బొమ్మ, కొండపల్లి బొమ్మ, కుందనపు బొమ్మ. 2020 సంక్రాంతికి వచ్చిన 'అల వైకుంఠపురములో' సినిమాలోని 'బుట్టబొమ్మ' పాట టిక్‌టాక్‌లో ఎంత ఊపు ఊపిందో తెలుసు కదా. ఆ ఏప్రిల్ ఆఖరున క్రికెటర్ డేవిడ్ వార్నర్ భార్యతో కలిసి దానికి చిందేశాడు. రెండు నెలలు తిరక్కుండా, జూన్ 29న, మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. తెనాలిలో మా మేనకోడలి ఫోన్‌లోంచి అది పోయింది. ధహ్రాన్‌లో మా అమ్మాయి స్నేహితుల ఫోన్లలో ఉండిపోయింది. బెల్లా వీడియో వచ్చింది ఆ తర్వాతే. అందుకే ఇక్కడి పిల్లలకు కంఠతా వచ్చిన పేరు అక్కడ చాలామందికి తెలియదు.

సరే, బొమ్మలెలా చేస్తారో చూడండి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేస్తారు. కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పైన సున్నం, ఆ పైన రంగులు. పని నాణ్యత చూడ్డానికి ముచ్చటే. కానీ ఆ పద్ధతి మనిషికి వర్తిస్తే? ఎక్సెల్ షీటు ముందు కూర్చుని నేను చేస్తున్నది అదే కదా. చదువు ఒక ముక్క, ఎత్తు ఒక ముక్క, రంగు ఒక పూత.

బుట్టబొమ్మ సంగతి ఇంకా విచిత్రం. ఊరేగింపుల్లో చూసే ఉంటారు. వెదురుతో బుట్టలా అల్లి, పైన బట్ట చుట్టి, రంగులు పూసిన పెద్ద తల పెడతారు. లోపల ఖాళీ. ఆ ఖాళీలో ఓ మనిషి దూరి, బొమ్మను భుజాన ఎత్తుకుని ఆడతాడు. బొమ్మ ముఖం మాత్రం ఎప్పుడూ ఒకేలా నవ్వుతుంటుంది. లోపలి మనిషికి చెమట పట్టినా, భుజాలు నొప్పెట్టినా పైకి తెలియదు. చిన్నప్పుడు తిరునాళ్ళలో ఆట అయ్యాక బుట్ట దించి బయటికి వచ్చిన మనిషిని చూసి నేను జడుసుకున్నాను. బొమ్మను చూసి కాదు, మనిషిని చూసి!

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా అమ్మాయికి గురజాడ 'పుత్తడి బొమ్మ పూర్ణమ్మ' చదివి వినిపించాను. దానికి తెలుగు చదవడం అంతంత మాత్రం, వింటే అర్థమవుతుంది. డబ్బుకు ఆశపడి పూజారి తన కూతుర్ని ముసలివాడికి కట్టబెట్టడం, అత్తారింటికి బయల్దేరే రోజున పూర్ణమ్మ అన్నదమ్ములకు చెప్పవలసినవన్నీ చెప్పి, గుడి దగ్గరి కొలను వైపు వెళ్ళి ఇక తిరిగి రాకపోవడం. నేను బళ్ళో పద్యంగా బట్టీ పట్టాను. ఎప్పుడూ ఏడవలేదు. ఈసారి చివరికి వచ్చేసరికి గొంతు పట్టేసింది. మా అమ్మాయి చాలాసేపటి తర్వాత, "నాన్నా, ఇది బెల్లా పాటకన్నా డార్క్" అంది.

నిజమే. బెల్లా బొమ్మలు కార్ఖానాను పగలగొట్టాయి. పుత్తడి బొమ్మకు కొలను తప్ప మరో దారి లేకపోయింది. అప్పుడు అమ్మాయి తండ్రికి డబ్బు ముట్టేది, ఇప్పుడు అబ్బాయి తండ్రికి ముడుతోంది. దిశ మారింది. బేరం ఉంది.

ఫోన్‌లో మేనకోడలు

మార్చిన ఫొటో నేను అక్కకు పంపలేదు. శుక్రవారం రాత్రి మేనకోడలికే ఫోన్ చేశాను. గుంటూరులో ఫార్మసిస్టుగా పనిచేస్తోంది. డ్యూటీ దిగి హాస్టల్‌కి నడుస్తోంది. జరిగింది దాచకుండా చెప్పాను. తిడుతుందనుకుంటే నవ్వింది.

"ఇది నాలుగోసారి మామయ్యా. ఒకసారి స్టూడియో ఆయన మార్చాడు. ఒకసారి పెళ్ళిళ్ళ పేరయ్య మార్పించాడు. ఒకసారి అమ్మే ఫోన్‌లో ఏదో చేసింది. ప్రతి పెళ్ళిచూపులకీ ఆ ఫొటోలో అమ్మాయిలా కనిపించాలని రెండు గంటలు మేకప్ వేయించుకుంటున్నా. వాళ్ళు చూసేది ఆ అమ్మాయినే, కాదనేదీ ఆ అమ్మాయినే. ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాక అద్దంలో ఉండేది నేను. నన్నింకా ఎవరూ చూడలేదు, ఎవరూ వద్దనలేదు. అదే కాస్త ఊరట."

ఏం చెప్పాలో తోచలేదు. చివరికి ఎనిమిది నెలల క్రితం అడగవలసింది అప్పుడు అడిగాను. "నీకేం కావాలమ్మా?"

ఆలోచించుకోవడానికి టైం తీసుకోలేదు. మూడు సంగతులు చెప్పింది. ఉద్యోగం మానేయమనకూడదు. అబ్బాయితో పెద్దవాళ్ళు లేకుండా అరగంట మాట్లాడాలి. ఇకనుంచి తన ఫొటో తనే ఇస్తుంది. ఆ జవాబు రాసుకుందామని షీటు తెరిచాను. పదకొండు వరుసల్లో ఎక్కడా చోటు లేదు. అబ్బాయి వాళ్ళ అభ్యంతరానికి ఒక వరుస ఉంది. మా పిల్ల ఇష్టానికి లేదు. ఆ షీటు తయారుచేసింది వేరెవరో కాదు, నేనే.

నా వృత్తిలో ఈ సంగతి కొత్తది కాదు. ఫారంలో ఏ ప్రశ్న పెడితే జనం దానికే జవాబిస్తారు. పెట్టని ప్రశ్న ఎవరికీ తట్టదు. 2020 జూన్‌లో, అమెరికాలోని డాలస్‌లో ఉండే ఓ భారతీయ మహిళ మొదలుపెట్టిన సంతకాల ఉద్యమం తర్వాత షాదీ డాట్ కామ్ వాళ్ళు చర్మం రంగును బట్టి వెతికే ఫిల్టరును తీసేశారు. మర్నెలలో 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరులోంచి ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. వెబ్‌సైటులో ఓ మీట తీసేయడం ఇంజనీరుకు ఒక పూట పని. అక్కల మనసుల్లోంచి, మామయ్యల మనసుల్లోంచి తీయడానికి ఎన్ని పూటలు పడుతుందో!

అక్క నాతో రెండు వారాలు మాట్లాడలేదు. "నువ్వు అక్కడ హాయిగా కూర్చుని ఆదర్శాలు చెబుతావు. ఇక్కడ వీధిలో అడిగేవాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సింది నేను" అంది. అందులో అబద్ధం లేదు. ఏడాదికి నెల రోజులు ఊరికెళ్ళే నాకు ఆ వీధి బరువు తెలియదు. నా కూతురి వంతు వచ్చినప్పుడు ఇంత నిబ్బరంగా ఉంటానో లేదో కూడా చూడాలి. ఇప్పుడే పాట పాడి వీడియో పెడతానంటే ముఖం లేకుండా గొంతు ఒక్కటే పెట్టమన్నాను. "అంటే నా ముఖం బాలేదా?" అని అడిగింది. భద్రత గురించి ఏదో చెప్పాను. నేను చెప్పింది సబబే. కానీ అది అడిగిన తీరు రెండు రోజులు నన్ను వదల్లేదు.

మేనకోడలు కొత్త ఫొటో పంపింది. మందుల అరల ముందు తెల్ల కోటు వేసుకుని నిలబడితే స్నేహితురాలు తీసిందట. ముక్కు పక్కన మచ్చ ఉంది. దాన్ని రెండు సంబంధాలకు పంపాం. ఒకరు బదులివ్వలేదు. ఇంకొకరు ఆలోచించుకుని చెబుతామన్నారు. అరగంట మాట్లాడటానికి అబ్బాయి ఒప్పుకున్నాడట, వాళ్ళ నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు. ఇంతవరకూ జరిగింది ఇదే. శుభలేఖతో ముగిస్తే ఈ వ్యాసం బాగుండేది, కానీ అది నా చేతిలో లేదు.

మా వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెస్తాడు. ఈ పేజీ చదివేవాళ్ళలో నాలాంటి మేనమామలు చాలామందే ఉంటారు. ఎక్కడో గల్ఫ్‌లోనో అమెరికాలోనో కూర్చుని, ఫోన్ల మీద, షీట్ల మీద సంబంధాలు నడిపేవాళ్ళు. బుట్ట ఎత్తే ముందు లోపల కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగండి. నాకు అడగడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ పాట లింకు మేనకోడలికి కూడా పంపాను. యూట్యూబ్‌లో ఉంది కనుక అక్కడా వినొచ్చు. రాత్రి డ్యూటీ మధ్యలో విన్నట్టుంది, తెల్లవారేసరికి జవాబు వచ్చి ఉంది.

"బాగుంది మామయ్యా. నాలుగుసార్లు విన్నా. పేరు మాత్రం అమ్మకి చెప్పకు."